ఐర్లండ్ పల్లెల్లో భూస్వాములూ కౌలు రైతులూ: ఊళ్ళో ఇంకా చెప్పుకునే సంగతులు (తరచుగా అడిగే ప్రశ్నలు)

మేం ఉండేది ఐర్లండ్ పడమటి వైపు, మేయో కౌంటీలో. మన వైపు నుంచి చుట్టాలో స్నేహితులో వస్తే మొదటి రోజు వర్షం గురించి అడుగుతారు. రెండో రోజు కారులో ఊళ్ళు తిప్పుతుంటే పొలాల్లో గోడలు చూసి అడగడం మొదలుపెడతారు. ఇన్నేళ్ళుగా అడిగినవాటికి నేను చెప్పుకొచ్చిన జవాబులు ఇక్కడ రాసిపెడుతున్నాను. కొన్ని పుస్తకాల్లో చదివినవి, కొన్ని పక్కింటి పెద్దాయన పొయ్యి దగ్గర కూర్చుని చెప్పినవి.

పొలాల మధ్య పైకప్పు లేని ఆ రాతి గోడలేమిటి?

ఇళ్ళు. నాలుగు గోడలు, మధ్యలో ఒక పొయ్యి, ఒకటో రెండో గదులు. ప్రతి మొండిగోడా కౌలుదారుని వెళ్ళగొట్టిన ఇల్లే అనుకోవద్దు. కొందరు అమెరికా వెళ్ళిపోతే ఖాళీ అయినవి, కొందరు పక్కన కొత్తిల్లు కట్టుకుని పాతదాన్ని దూడల కొట్టంగా వాడుకుని వదిలేసినవి చాలా ఉన్నాయి. అయితే పది పదిహేను ఇళ్ళు ఒకేచోట గుంపుగా కూలి ఉంటే మాత్రం అక్కడేదో జరిగిందని అర్థం. అలాంటి ఇళ్ళ గుంపును ఇక్కడ క్లాహన్ అంటారు. అందులోని కుటుంబాలు చుట్టుపక్కల భూమిని చిన్నచిన్న మడులుగా పంచుకుని, కొండ మీది బీడును ఉమ్మడిగా మేపుకునేవి.

కొండవాలు మీద సాయంత్రం ఎండ ఏటవాలుగా పడినప్పుడు చూడండి. ఎత్తుపల్లాల చాళ్ళు వరసగా కనిపిస్తాయి. అవి బంగాళాదుంపల బోదెలు. 1840ల కరువు తర్వాత వాటిలో చాలావాటిని మళ్ళీ ఎవరూ తవ్వలేదు.

ఈ భూస్వాములెవరు? ఎక్కణ్ణుంచి వచ్చారు?

ఎక్కువమంది పదహారు, పదిహేడు శతాబ్దాల్లో ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి వచ్చినవాళ్ళ వారసులు. 1609 తర్వాత ఉత్తరాన అల్‌స్టర్‌లో, 1650లలో ఇంగ్లండు సేనాని క్రామ్‌వెల్ సైన్యం వెనక మిగతా దేశంలో, స్థానికుల భూములు లాక్కుని వీళ్ళకు పంచారు. ఆ తర్వాత వచ్చిన చట్టాలు కాథలిక్కులు భూమి కొనకుండా చేశాయి. 1641లో భూమిలో సగానికి పైగా కాథలిక్కుల చేతిలో ఉండేది. 1770ల నాటికి అది నూటికి అయిదు వంతులకు దిగింది. 1870 నాటికి సాగుచేసే రైతే సొంతదారుగా ఉన్న భూమి నూటికి మూడు వంతులు మాత్రమే. మిగతాదంతా కౌలే.

అందరూ ప్రొటెస్టెంట్లు కాదు, అందరూ లండన్‌లో కూర్చున్నవాళ్ళూ కాదు. కాథలిక్ భూస్వాములూ ఉన్నారు. భూస్వామి దగ్గర గుత్తకు తీసుకుని రైతులకు ముక్కలు చేసి ఎక్కువ రేటుకిచ్చే మధ్యవర్తులు కొన్నిచోట్ల అసలు దొరకన్నా పీడించారు.

కౌలు ఎప్పుడు, ఎలా కట్టేవాళ్ళు?

ఏడాదికి రెండుసార్లు, మే నెలలో ఒకసారి, నవంబరులో ఒకసారి. కొత్తగా భూమిలోకి దిగినవాడి దగ్గర మొదటి ఆరునెలల కౌలు వెంటనే అడిగేవాళ్ళు కాదు. వినడానికి దయగా ఉంటుంది. దాని మర్మమేమిటంటే, ఆ ఆరునెలల బాకీ ఎప్పటికీ అలాగే నెత్తిమీద వేలాడుతూ ఉంటుంది. దాన్ని వేలాడే కిస్తీ అనే పిలిచేవాళ్ళు. ప్రతి రైతూ కాగితం మీద ఎప్పుడూ బాకీదారే కాబట్టి ఎప్పుడు కావాలంటే అప్పుడు లేవగొట్టొచ్చు.

డబ్బు ఒక్కటే కాదు. ఏడాదికి ఇన్ని రోజులు ఊరికే పనిచేయాలి, ఇన్ని కోళ్ళివ్వాలి, ఇన్ని బండ్ల పీట్ (పొయ్యిలో కాల్చుకునే చిత్తడినేల గడ్డలు) తోలాలి అనే షరతులు చాలా ఎస్టేట్లలో ఉండేవి. తెలంగాణలో పెద్దవాళ్ళకు ఈ మాట చెబితే వెంటనే "వెట్టి" అంటారు. సరిగ్గా అదే.

రైతులు అటు గింజలు పండించి, పందిని పెంచి, అమ్మి కౌలు కట్టేవాళ్ళు. ఇటు తినడానికి దుంప. పందిని "కౌలు కట్టే పెద్దమనిషి" అని ఇక్కడ సరదాగా అనేవాళ్ళు. ఇంట్లో మంచి చోటు దానిదే.

భూస్వామిని ఊళ్ళోవాళ్ళు చూసేవాళ్ళా?

చాలాచోట్ల అరుదు. కళ్ళెదుట కనబడేది ఏజెంటు, అంటే మన దివాను లాంటివాడు. ఆయన కింద బెయిలిఫ్, నోటీసులు పట్టుకొచ్చేవాడు, బాకీకి పశువుల్ని తోలుకుపోయేవాడు. పశువుల్ని తోలేవాడికి "డ్రైవర్" అనే పేరు. మా పక్కింటాయన ఆ మాటన్నప్పుడు నేను బండి డ్రైవరనుకున్నాను.

ఊరి జ్ఞాపకంలో ఎవరెక్కువ మిగిలారో గమనిస్తే ఆశ్చర్యం వేస్తుంది. దొరగారి పేరు తప్పు చెబుతారు, ఒక్కోసారి తాతకీ మనవడికీ తేడా పోతుంది. బెయిలిఫ్ పేరు మాత్రం ఇంటిపేరుతో సహా గుర్తుంటుంది. అతను పక్క ఊరివాడే, అదే చర్చికి వచ్చేవాడు, అదే భాష మాట్లాడేవాడు. కోపం ఉండిపోయింది అతని మీదే.

ఏజెంటు వస్తున్నాడని తెలిస్తే మంచి బట్టలు దాచేవాళ్ళనీ, ఇంటికి సున్నం కొడితే కౌలు పెరుగుతుందని గోడల్ని మాసినట్టే ఉంచేవాళ్ళనీ చాలా ఊళ్ళలో చెబుతారు. సొంత ఖర్చుతో బాగుచేసుకున్న పొలానికి కౌలు పెంచడం నిజంగా జరిగిన పనే కాబట్టి ఈ భయం ఊరికే పుట్టలేదు.

కరువుకీ భూస్వాములకీ సంబంధమేమిటి? దుంపలకు తెగులు రావడం వల్ల కదా జనం చనిపోయింది?

తెగులు యూరప్‌లో చాలా దేశాలకు వచ్చింది. 1845 శరదృతువులో ఇక్కడికి వచ్చి, 1846లో పంటను పూర్తిగా తుడిచిపెట్టింది. 1841 జనాభా లెక్కలో ఐర్లండ్‌లో 81 లక్షల 75 వేల మంది ఉన్నారు. 1851కి 65 లక్షల 52 వేలు. సుమారు పది లక్షల మంది ఆకలితోనూ జ్వరాలతోనూ పోయారు, అంతకు మించి ఓడలెక్కారు.

కౌలు వ్యవస్థ ఇక్కడ రెండు మెలికలు వేసింది. మొదటిది, నాలుగు పౌండ్లలోపు విలువ కట్టిన కమతాలకు పేదల సాయం కోసం వేసే పన్ను భూస్వామే చెల్లించాలి. ఎకరం రెండెకరాల రైతులు ఎక్కువమంది ఉన్న ఎస్టేటుకు ఆ పన్ను ఉరితాడైంది. చిన్న కమతాల్ని లేపేస్తే పన్ను పోతుంది. రెండోది 1847లో వచ్చిన పావు ఎకరం నిబంధన. పావు ఎకరానికి మించి భూమి చేతిలో ఉన్నవాడికి ప్రభుత్వ సాయం లేదు. గంజి కావాలంటే పొలం వదులుకోవాలి. వదులుకున్న రోజునే ఇల్లు కూల్చేవాళ్ళు, కొన్నిచోట్ల మనిషి గంజి కేంద్రంలో ఉండగానే.

ఆ నిబంధన తెచ్చింది గాల్వే కౌంటీ కూల్ పార్కు భూస్వామి విలియం గ్రెగరీ. తర్వాత 1872లో సిలోన్ గవర్నరుగా వెళ్ళాడు, అక్కడ ఆయనకు మంచి పేరే ఉంది. ఐర్లండ్‌లో మాత్రం "గ్రెగరీ నిబంధన" అంటే చాలు.

ఇళ్ళలోంచి వెళ్ళగొట్టినవాళ్ళ లెక్క పోలీసులు రాయడం 1849లోనే మొదలైంది. అప్పటినుంచి 1854 దాకా రాసిన లెక్క ప్రకారమే దాదాపు రెండున్నర లక్షల మంది. అంతకు ముందు మూడేళ్ళలో పోయినవాళ్ళు ఆ పుస్తకంలో లేరు.

వెళ్ళగొట్టడం అంటే ఎలా జరిగేది?

కోర్టు ఉత్తర్వు తీసుకుని షెరీఫ్ వస్తాడు, చుట్టూ పోలీసులు, అవసరమైతే సైనికులు. ముందు పొయ్యిలో నిప్పు ఆర్పుతారు. ఈ దేశంలో తరతరాలుగా రాత్రి బూడిద కప్పి పొద్దున రాజేసే నిప్పు అది. దాన్ని ఆర్పడం గురించి చెప్పేటప్పుడు ముసలివాళ్ళ గొంతు మారుతుంది. తర్వాత సామాన్లు బయట పడేస్తారు. తర్వాత గునపాల ముఠా పైకప్పు దూలాన్ని నరుకుతుంది లేదా తాడు కట్టి లాగుతుంది. కప్పు దిగిపోతే ఆ రాత్రి మళ్ళీ లోపలికి దూరలేరు.

దూరినవాళ్ళూ ఉన్నారు. కూలిన గోడ మూలకు కొమ్మలూ పచ్చగడ్డి బెడ్డలూ కప్పి కాపురముండేవాళ్ళు. పక్కవాళ్ళు చేర్చుకుంటే వాళ్ళ కౌలు రద్దు చేస్తామని బెదిరించిన ఎస్టేట్లున్నాయి. అందువల్ల తలుపు తీయని ఇళ్ళున్నాయి. ఈ సంగతి దగ్గర ఊళ్ళోవాళ్ళు మాట తప్పిస్తారు.

1880ల నాటికి పద్ధతి మారింది. గోడ పగలగొట్టడానికి మూడు దుంగల మధ్య వేలాడదీసిన పెద్ద దూలం వాడారు. క్లేర్ కౌంటీలో 1887లో బోడైక్ దగ్గర ఆడవాళ్ళు లోపల్నుంచి మరిగే నీళ్ళు పోశారు. 1888లో అదే కౌంటీ కిల్‌రష్ దగ్గర వాండెలూర్ ఎస్టేటులో జరిగినవాటి ఫొటోలున్నాయి. ఇంటి ముందు దూలం, చుట్టూ టోపీల పోలీసులు. మీరు ఎక్కడో చూసిన ఫొటో బహుశా అదే అయి ఉంటుంది. దాన్ని కరువు కాలపు ఫొటోగా చాలామంది పొరపడతారు, నలభయ్యేళ్ళ తేడా ఉంది.

మంచి భూస్వాములు ఒక్కరూ లేరా?

ఉన్నారు. మా కౌంటీలోనే మూర్ హాల్. జార్జ్ హెన్రీ మూర్ అనే కాథలిక్ భూస్వామి గుర్రం కొరానా 1846లో చెస్టర్ కప్ గెలిచింది. ఆ పందెం డబ్బులో పెద్ద మొత్తం కౌలుదారుల తిండికి ఖర్చుపెట్టాడు. ఆ ఎస్టేటులో కరువుకి ఎవరూ చావలేదని ఇప్పటికీ చెప్పుకుంటారు. అదే ఇంటిని 1923 ఫిబ్రవరి 1 రాత్రి అంతర్యుద్ధంలో తగలబెట్టారు. అప్పటి మూర్‌లలో ఒకరు, తగలబెట్టినవాళ్ళు ఎదిరిస్తున్న కొత్త ఐరిష్ ప్రభుత్వంలో సెనేటరు కావడం అందుకు కారణం. సరస్సు ఒడ్డున అడవిలో ఆ మొండిగోడలు ఉన్నాయి, ఆదివారాలు జనం నడకకు వెళ్తారు.

భూస్వాముల్ని చంపారని విన్నాం. నిజమేనా?

నిజమే, కానీ కథల్లో వినబడినంత తరచుగా కాదు. రెండు సంఘటనలు అందరికీ తెలుసు.

రాస్‌కామన్ కౌంటీ స్ట్రోక్స్‌టౌన్‌లో మేజర్ డెనిస్ మాహన్ 1847లో 1,490 మంది కౌలుదారుల్ని ఓడల్లో కెనడాకు పంపించాడు. ఎస్టేటులో పోషించడం కన్నా టికెట్ కొనడం చవక అని ఏజెంటు లెక్క తేల్చాడు. వాళ్ళెక్కిన వర్జీనియస్ అనే ఓడలో 476 మంది బయల్దేరితే 158 మంది దారిలోనే చనిపోయారు. ఆ ఏడాది నవంబరు 2న మాహన్‌ను కాల్చి చంపారు. కొండల మీద మంటలు వేసి పండగ చేసుకున్నారని చెబుతారు. 1979లో ఆ ఎస్టేటు కొన్న స్థానిక వ్యాపారికి పాత కాగితాల్లో కౌలుదారుల అర్జీలు కనబడ్డాయి, ఇవాళ ఆ ఇంటి ఆవరణలోనే కరువు మ్యూజియం ఉంది. వెళ్ళండి. ఒక పూట చాలదు.

రెండోది డొనెగల్‌లో లార్డ్ లీట్రిమ్, 1878 ఏప్రిల్ 2. గుమస్తానూ బండివాణ్ణీ కూడా ఆయనతో పాటే చంపారు. ఎవరికీ శిక్ష పడలేదు. కౌలుదారుల కూతుళ్ళ జోలికి వెళ్ళేవాడని ఊరూరా చెబుతారు. దానికి గట్టి రుజువు లేదని చరిత్రకారులంటారు. మనుషుల్ని నిర్దయగా వెళ్ళగొట్టాడన్నదానికి మాత్రం రుజువుకేం కొదవ లేదు.

శాపాల కథలేమిటి?

డొనెగల్‌లో గ్లెన్‌వే అనే అందమైన కోట ఉంది, ఇప్పుడు జాతీయ పార్కు. 1861 ఏప్రిల్‌లో జాన్ జార్జ్ అడేర్ అక్కడి డెరీవే లోయలో 47 కుటుంబాల్ని, 244 మందిని మూడు రోజుల్లో ఖాళీ చేయించాడు. తన ఉద్యోగిని చంపారన్న కోపం, హంతకుణ్ణి పట్టివ్వలేదన్న నెపం. కొన్నాళ్ళకు అక్కడ కోట కట్టాడు.

వెళ్ళిపోతున్న ఒక విధవరాలు, ఈ చోటు ఏలేవాడికి సంతానం ఉండదని శపించిందంటారు. అడేర్‌కు పిల్లల్లేరు. తర్వాత 1929లో కొన్న హార్వర్డ్ ప్రొఫెసర్ కింగ్స్‌లీ పోర్టర్‌కూ లేరు. ఆయన 1933లో ఒక దీవిలో కనిపించకుండా పోయాడు. చివరి యజమాని హెన్రీ మెకిల్‌హెన్నీ పెళ్ళే చేసుకోలేదు, కోటను ప్రభుత్వానికిచ్చేశాడు. ఇంతకన్నా ఏం కావాలి కథ నిలబడడానికి! అయితే ఇదే శాపం, ఇలాగే ఒక విధవరాలి నోట, డజన్ల కొద్దీ ఎస్టేట్ల గురించి వినబడుతుంది. పిల్లలున్న దొరల శాపాలు మరుగునపడిపోయి ఉంటాయని నా అనుమానం.

"బాయ్‌కాట్" అనే మాట ఇక్కడిదేనా?

ఇక్కడిదే, మా ఇంటికి అరగంట దూరం. కెప్టెన్ చార్లెస్ బాయ్‌కాట్, లార్డ్ ఎర్న్‌కు మాస్క్ సరస్సు దగ్గర ఏజెంటు. 1880లో పంట బాలేక రైతులు నూటికి పాతిక తగ్గించమన్నారు, దొర పది అన్నాడు. నోటీసులిచ్చే మనిషిని సెప్టెంబరులో ఊరి ఆడవాళ్ళు రాళ్ళూ బురదా పేడా విసిరి తరిమారు. తర్వాత పనివాళ్ళు మానేశారు, బాలిన్‌రోబ్ అంగళ్ళలో సరుకులివ్వలేదు. మన ఊళ్ళల్లో నిప్పూ నీళ్ళూ బంద్ చేయడమంటామే, అది. అంతకు కొద్దిరోజుల ముందే ఎన్నిస్ ఊరి సభలో రైతుల పక్షాన నిలిచిన నాయకుడు పార్నెల్ ఇదే చెప్పాడు: వెళ్ళగొట్టినవాడి పొలం తీసుకున్నవాడిని దారిలో, అంగట్లో, చర్చిలో కూడా పలకరించకండి అని.

పంట తీయడానికి కావన్, మొనహన్ కౌంటీల నుంచి యాభై మందిని తెచ్చారు, వాళ్ళ కాపలాకు వెయ్యి మంది దాకా సైనికులూ పోలీసులూ. కొన్ని వందల పౌండ్ల పంటకు పదివేల పౌండ్ల ఖర్చయింది. డిసెంబరు 1న బాయ్‌కాట్ వెళ్ళిపోయాడు. ఊరి ఫాదర్ జాన్ ఓమాలీ, పెద్ద మాటలకు రైతుల నోరు తిరగదని ఆయన పేరునే క్రియగా వాడదామన్నాడట. మనం తెలుగులో రోజూ అంటున్నామంటే ఆ సలహా బాగానే పనిచేసింది.

"గ్రాబర్" అంటే ఎవరు? ఆ మాట అనగానే అందరూ ఎందుకు మాట మారుస్తారు?

నన్నడిగితే మొత్తం విషయంలో ఇదే అసలు ప్రశ్న. వెళ్ళగొట్టిన కుటుంబం పొలాన్ని కౌలుకి తీసుకున్నవాడు గ్రాబర్. అతను దొర కాదు. పక్క పొలం రైతో, ఊళ్ళో అంగడివాడో, అప్పులిచ్చేవాడో. అప్పులిచ్చే అంగడివాణ్ణి గాంబీన్ మనిషి అంటారు, ఆ మాటకు వడ్డీ వాసన ఉంటుంది.

కరువు తర్వాత కమతాల సగటు పెరిగింది. పోయినవాళ్ళ భూమి ఎక్కడికీ పోలేదు, కొంత గొర్రెల మేతకు దొరలు పెట్టుకున్నారు, మిగతాది ఉన్నవాళ్ళలో కలిసింది. అంటే ఇవాళ మంచి పొలమున్న చాలా కుటుంబాల చేలగట్ల లోపల ఎవరిదో ఇంకొకరి పొయ్యిరాయి ఉంది. దొరను తిట్టడం తేలిక, ఆయన వెళ్ళిపోయాడు. పక్కింటివాడు ఇంకా పక్కింట్లోనే ఉన్నాడు.

మా పక్కింటాయన తన పొలంలో ఒక మూలను ఎవరిదో ఇంటిపేరుతో పిలుస్తాడు. ఆ ఇంటిపేరువాళ్ళు ఈ చుట్టుపక్కల ఎవరూ లేరు. ఎలా వచ్చిందని అడిగితే "అలా వచ్చింది" అని టీ పోశాడు. నేను మళ్ళీ అడగలేదు. మీరూ అడగకండి.

ఈ జ్ఞాపకాలు ఎక్కడైనా రాసి ఉన్నాయా?

ఉన్నాయి, అదృష్టం. 1937 నుంచి 1939 దాకా ఐరిష్ ఫోక్‌లోర్ కమిషన్ దాదాపు అయిదు వేల ప్రాథమిక పాఠశాలల పిల్లల చేత తాతల్నీ అవ్వల్నీ అడిగించి నోటుపుస్తకాల్లో రాయించింది. అడగాల్సిన అంశాల్లో స్థానిక భూస్వామి ఒకటి. ఇప్పుడవన్నీ డుఖస్ అనే వెబ్‌సైటులో ఉచితంగా చదవొచ్చు, ఊరి పేరుతో వెతకొచ్చు. పన్నెండేళ్ళ పిల్ల గుండ్రని అక్షరాలతో, ఫలానా దొర చెడ్డవాడు, ఫలానా గుట్ట దగ్గర పదిళ్ళు కూల్చాడు అని రెండు వాక్యాల్లో తేల్చేస్తుంది. ఉత్తర ఐర్లండ్ ఆరు కౌంటీలు ఇందులో లేవు.

వాటిని ఎంతవరకు నమ్మొచ్చు?

తేదీల్ని నమ్మొద్దు, చోట్లను నమ్మొచ్చు. ఆ ముసలివాళ్ళు 1850లు, 60లలో పుట్టినవాళ్ళు. 1880ల భూమి పోరాటం కళ్ళారా చూశారు, కరువు మాత్రం అమ్మానాన్నల నోట విన్నారు. ఆ రెండూ కలిసిపోతాయి. "మా ఊళ్ళో పెద్దగా చావలేదు, పక్క ఊళ్ళోనే" అని ప్రతి ఊరూ చెబుతుంది. అదీ ఒక రకం సాక్ష్యమే.

చివరికి భూమి రైతుకెలా వచ్చింది?

మా కౌంటీవాడే మైకేల్ డేవిట్. 1846లో స్ట్రేడ్‌లో పుట్టాడు, నాలుగేళ్ళప్పుడు కుటుంబాన్ని వెళ్ళగొట్టారు, ఇంగ్లండు మిల్లులో పదకొండేళ్ళకు కుడిచెయ్యి పోయింది. 1879 అక్టోబరులో లాండ్ లీగ్ పెట్టించాడు, అధ్యక్షుడు పార్నెల్. న్యాయమైన కౌలు, లేపకుండా ఉండే హక్కు, కౌలు హక్కు అమ్ముకునే స్వేచ్ఛ అడిగారు. 1881 చట్టం అవి ఇచ్చింది, కౌలు తేల్చడానికి లాండ్ కమిషన్ వచ్చింది. 1903లో విండమ్ చట్టం అసలు మలుపు: ప్రభుత్వం డబ్బిచ్చి దొరల దగ్గర కొనిపించింది, పైన నూటికి పన్నెండు బోనసు కూడా దొరలకే. రైతు ఆ అప్పును 68 ఏళ్ళ ఆరు నెలలు వాయిదాల్లో తీర్చాలి. ఆ వాయిదాల డబ్బు బ్రిటన్‌కు పంపడం ఐర్లండ్ ఆపేయడంతోనే 1932లో ఆర్థిక యుద్ధం వచ్చింది, 1938లో కోటి పౌండ్లతో తేలింది. లాండ్ కమిషన్ మూతపడింది 1999లో.

కూలివాళ్ళకు ఇందులో దక్కింది తక్కువ. ఒక చిన్న ఇల్లు, అర ఎకరమో ఎకరమో.

మన దేశంతో ఏమైనా సంబంధముందా?

ఉంది, మనుషుల ద్వారా. 1885 బెంగాల్ కౌలు చట్టం వచ్చినప్పుడు వైస్రాయ్ డఫరిన్, ఐర్లండ్‌లో డౌన్ కౌంటీ భూస్వామి. ఆయన తర్వాత 1888లో వచ్చిన లాన్స్‌డౌన్‌కు కెర్రీలోనూ లీష్ కౌంటీలోనూ ఎస్టేట్లు. 1887లో ఆయన లగాకరన్ ఎస్టేటులో రైతుల్ని వెళ్ళగొడుతుంటే, ఆయన అప్పుడు కెనడా గవర్నర్ జనరల్. విలియం ఓబ్రయన్ అనే నాయకుడు ఓడెక్కి కెనడా వెళ్ళి అక్కడే ఆయన మీద సభలు పెట్టాడు. మరుసటి ఏడాది లాన్స్‌డౌన్ కలకత్తా చేరాడు.

మేమున్న ఊరికి భూస్వామి ఎవరో ఎలా తెలుసుకోవాలి? పిల్లాడి స్కూలు ప్రాజెక్టుకు కావాలి.

ముందు మీ టౌన్‌ల్యాండ్ పేరు కనుక్కోండి, ఊరి పేరు కాదు. టౌన్‌ల్యాండ్ అంటే మన శివారు గ్రామం లాంటి హద్దు, దేశంలో అరవై వేలకు పైగా ఉన్నాయి. తర్వాత గ్రిఫిత్ వాల్యుయేషన్‌లో వెతకండి. 1847 నుంచి 1864 మధ్య అచ్చయింది, ఉచితం. ఒక వరసలో సాగుదారు, పక్క వరసలో అతనికి భూమిచ్చినవాడు, విస్తీర్ణం, విలువ. దాని మ్యాపును ఇప్పటి మ్యాపు మీద పెట్టి చూస్తే మీ పెరడు ఎవరి దుంప మడో తేలుతుంది. 1901, 1911 జనాభా లెక్కలు కూడా ఉచితమే. అంతకు ముందువి అడగొద్దు, చాలావరకు లేవు, కొన్ని ప్రభుత్వమే నాశనం చేసింది, కొన్ని 1922లో డబ్లిన్‌లోని కోర్టుల ఆవరణ ఫోర్ కోర్ట్స్‌లో కాలిపోయాయి.

ఆ మొండిగోడల దగ్గరికి వెళ్ళి ఫొటోలు తీసుకోవచ్చా?

అది ఎవరో ఒకరి పొలం. ఇంటి తలుపు తట్టి అడగండి, నూటికి తొంభైమంది వెళ్ళమంటారు, కొందరు తోడు కూడా వస్తారు. గేటు మూసి ఉంటే మూసెయ్యండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి. కుక్కను తీసుకెళ్ళొద్దు, గొర్రెలున్నాయి. గోడ మీదికి ఎక్కొద్దు, రాళ్ళ మధ్య సున్నం లేదు. లోపలికి వెళ్తే ఒక చివర గోడలో నల్లబడిన రాళ్ళు చూడండి, పొయ్యి అక్కడ ఉండేది. బూట్లు మాత్రం నీళ్ళు దిగనివి వేసుకోండి.